సుజిత తిన్న పొడి

గుడియాత్తం నేతోళ్ల వీధిలో ఆ కాలంలో ఏ ఇంట్లోకి తొంగి చూసినా ఏదో ఒక ఫారిన్ సరుకు కనపడేది. ఎదురింటికి రంగుల టీవీ వచ్చింది. పక్కింటోళ్లు నీళ్లలో కలిపితే నారింజ రసం అయ్యే పొడి తెచ్చుకొని, చుట్టాలొస్తే సగం గ్లాసు పోసి, ఇది మన పక్క దొరికేది కాదని చెప్పి మరీ తాపిచ్చేవాళ్లు. వీధి మీద కేబుల్ వైరు ఈ కొస నుంచి ఆ కొసకి పడుగు లాగినట్టు లాగినారు. అమ్మణి ఇంటికి మాత్రం ఏమీ రాలేదు. ఆమె కొడుకు గోపాలకృష్ణన్‌కి అదొక కొరతగా ఉండింది. గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకొని కైలీలు, అదే లుంగీలు, నేస్తా, టీవీలో వచ్చే ప్రకటనలన్నీ నోటికి అప్పజెప్పేవాడు. చేతిలో అటూ ఇటూ పారే నాడె, నోట్లో షాంపూ.

ఆయన కూతురు సుజిత బరువులెత్తే పిల్ల. ఆడపిల్లకి ఇదేం ఆటమ్మా అని వీధిలో అన్నోళ్లు లేకపోలేదు. అట్ల అన్న ఒకామెకే ఒకరోజు గ్యాస్ సిలిండరు మేడ మీదికి చేర్చేవాడు దొరకలేదు. సుజితని పిలిచింది. సుజిత దాన్ని చంకన బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొని మెట్లెక్కి దించి వచ్చింది. అప్పట్నించి ఆమెకి ఆ ఆట మంచిదైపోయింది.

స్కూలు వెనకాల రేకుల షెడ్డులో బాలచంద్రన్ అనే డ్రిల్లు మాస్టరు ఆడపిల్లలకి ఈ విద్య నేర్పిస్తా ఉండినాడు. ఇందులో రెండు రకాల ఎత్తుడు ఉండాది. ఇనప కడ్డీని ఒకే ఊపున నేల మీద నుంచి తల మీదికి లేపేది స్నాచ్ అంట. ముందు భుజాలకి తెచ్చుకొని, ఊపిరి పట్టి, తర్వాత పైకి తోసేది రెండోది. అమ్మణికి నచ్చిన సంగతి ఇంకొకటి. ఈ ఆటలో ఎత్తే బరువునే కాదు, ఎత్తే మనిషిని కూడా తూస్తారు. యాభై మూడు కిలోల లోపలుండే పిల్లలు ఒక జట్టు, ఆ పైన యాభై ఎనిమిది దాకా ఇంకో జట్టు. బక్కపిల్లని బండపిల్లతో కలపరు. ఇంత న్యాయం మన పెండ్లి పందిట్లో భోజనాల కాడ కూడా లేదే అనుకునేది అమ్మణి.

సుజిత యాభై మూడు జట్టు. మే నెల కడాన వేలూరులో జిల్లా పోటీ. అందులో మొదటొచ్చిన పిల్లకి మద్రాసులో సర్కారు వారి ఆటల హాస్టల్లో చోటు, చదువు, తిండి, అన్నీ వాళ్లవే. గోపాలకృష్ణన్ చెడ్డ తండ్రి కాదు గానీ, మాట ఒకటి పెట్టినాడు. గెలిస్తే హాస్టలుకి పంపిస్తా, గెలవకపోతే ఇంట్లో రెండో మగ్గం ఖాళీగా ఉండాది, కూర్చోవాల అని. పోయినేడు కనియంబాడి పిల్ల శరణ్య చేతిలో సుజిత ఓడిపోయింది. ఈ తూరి ఓడిపోతే మగ్గమే.

అమ్మణి చిన్నపిల్లప్పుడే ఆ గుంతలో దిగిన మనిషి. పావడా కట్టుకొని దిగి, నెరిసిన జుట్టుతో పైకి వచ్చింది. మోకాళ్లు రెండూ వానాకాలం తలుపుల మాదిరి కిర్రుమంటాయి. మనవరాలు ఆ గుంతలో కాలు పెట్టకూడదని ఆమె గంగమ్మకి మొక్కని మొక్కు లేదు. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. మగ్గం అన్నం పెట్టింది కదా, దాన్ని తిట్టినట్టు అవుతాదని.

ఇట్ల ఉండంగా ఒకరోజు గోపాలకృష్ణన్ నూలు పని మీద వేలూరు పోయినాడు. పోయినోడు పోయినట్టు రాలేదు. అక్కడ బజారులో వెంకటేశన్ అనే ఆయన అద్దాల అంగడి ఒకటి కొత్తగా తెరిచినాడు. నాలుగు గోడలకీ అద్దాలే, అంగట్లోకి పోయిన మనిషి తన్నే నలుగురిగా చూసుకొని, నలుగురికీ బలం చాలలేదని అనుకుంటాడు. ఆ వెంకటేశన్ చెప్పినాడంట, లోకమంతా ఆటగాళ్లు ఇప్పుడు క్రియాటిన్ అనే పొడి తింటా ఉండారు, మాంసంలో ఉండే సత్తువ అది, తింటే కండలో బలం నిలవ ఉంటాది, ఇంక కడ్డీ దానంతట అదే లేస్తాది అని. గోపాలకృష్ణన్ ఆ కడాన మాట ఒక్కటే విని డబ్బాని కావలించుకొని బస్సెక్కినాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మణి గుడికి పోయి ఉండింది. కోడలు దేవకి గడపలోనే నిలబెట్టింది. పొడి ఒంట్లో ఏం చేస్తాదో ఈయన చెప్తా ఉంటే, "మన ఒంట్లో ఉండేదే అయితే మళ్లా కొనుక్కొచ్చేదెందుకు?" అని అడిగింది.

"మన ఒంట్లోది లోకల్. ఇది ఫారిన్."

అది సరే గానీ, మాంసంలో సత్తువ అన్న మాట పట్టుకునింది దేవకి. అప్పుడు గంగమ్మ జాతరకి ఊరికి రక్షగా కాపు కట్టినారు. కాపు కట్టినాక అమ్మవారి శిరసు ఊరేగి జాతర ముగిసేదాకా గుడియాత్తం ఇండ్లల్లో మాంసం వండరు, తేరు, ఆ మాట కూడా పలకరు. వంటింట్లోకి ఆ డబ్బా రానే రాకూడదని దేవకి పట్టు పట్టింది. దేవుని అల్మారా కాడికి అసలే వద్దు. ఇంక మిగిలింది మగ్గాల సావడిలో గంజి సామాన్ల అల్మారా. గంజికి వాడే మరవళ్ళి పిండి, అదే కర్రపెండలం పిండి, అక్కడే ఉంటాది. దాని పక్కన పెట్టినాడు. పెట్టి పండుకున్నాడు. తల్లికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

తెల్లారింది. ఎండ ఎక్కకముందే వీధిలో పడుగు లాగి గంజి పెట్టాల. పడుగంటే మగ్గం మీద నిలువుగా పోయే దారాలు. వాటిని వీధి పొడవునా సాగదీసి, గంజి తడిపి, పెద్ద కుంచెతో దువ్వితే దారం బిగుసుకొని మగ్గం మీద తెగకుండా నిలబడతాది. గంజి కలిపేది అమ్మణి పని. ఆ పనిలో ఇంకొకరు చెయ్యి పెడితే ఆమెకి పట్టరాని కోపం.

అల్మారా తెరిస్తే నల్ల డబ్బా. దాని మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు, ఒక మనిషి బొమ్మ. ఆ మనిషికి మెడ లేదు. తల తెచ్చి నేరుగా భుజాల మీద పెట్టినట్టుండాది. ఒంటి మీద నరాలన్నీ తాళ్ల మాదిరి బిగుసుకొని ఉండాయి. అమ్మణి చాలాసేపు చూసింది. నేతోళ్ల సొసైటీ వాళ్లిచ్చే పిండి బాగాలేదు, వేలూరు నుంచి మంచిది తెస్తానని కొడుకు అంటానే ఉండినాడు కదా, తెచ్చినాడు పాపం అనుకునింది. ఈ గంజి పెడితే దారం ఇట్ల బిగుసుకుంటాదని తెలవాలనే బొమ్మ వేసినారు, చదువు రానోళ్లకి కూడా అర్థమయ్యేటట్టు. ఫారినోళ్లు ఎంత తెలివైనోళ్లు అని మెచ్చుకొని, డబ్బా అంతా అండాలో ఒంపింది.

ఎంత కాచినా చిక్కబడదే. కట్టెలు ఎగదోసింది, తెడ్డు తిప్పింది. నీళ్లు నీళ్లే. సరే, ఫారిన్ గంజి పలచగానే ఉంటాదేమో అనుకొని పడుగుకి పట్టించింది. ఎండలో ఆరినాక దారం బిగుసుకోకపోగా ఉప్పు చల్లినట్టు గరగరమనింది. ఆ మధ్యాన్నం మగ్గం ఎక్కించినాడు గోపాలకృష్ణన్. దారం తెగింది. ముడేసినాడు. పక్కది తెగింది. సాయంత్రం దాకా నేసింది జానెడు, తిట్టింది నూలు మిల్లోళ్లని.

ఆ సాయంత్రమే దేవకి అత్త పక్కన వచ్చి కూర్చొని, గొంతు తగ్గించి అడిగింది.

"అత్తా, గంజి అల్మారాలో నల్ల డబ్బా ఒకటి ఉండాది, చూసినావా?"

"చూసేదేమి, పొద్దున్నే అయిపోయింది. జిగట లేదు, మందం లేదు. ఫారినోళ్లకి నూలు సంగతి ఏం తెలుసు, తోళ్లు కట్టుకొని తిరిగినోళ్లు."

దేవకి తల మీద చెయ్యి పెట్టుకుంది. అది గంజి కాదు, సుజిత తినాల్సిన బలం పొడి అని చెప్పింది. మనవరాలు ఆ పొడి తిని గెలుస్తాదని వాళ్ల నాయన నమ్ముకొని ఉండాడని చెప్పింది. అమ్మణి, హాస్టలుకి పోవాల్సిన పిల్ల బలం అంతా తన చేత్తోనే వీధిలో పూసేసినా కదా అనుకునింది. పడుగు చూస్తే తెల్లగా మెరుస్తా ఉండాది. నాకితే వస్తాదేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

గోపాలకృష్ణన్‌కి చెప్దామంటే ధైర్యం చాలలేదు. ఆయన కోపిష్టి కాదు. కోపం వచ్చినోణ్ణి సముదాయించొచ్చు. ఈయన ఏడుస్తాడు. అన్నం తినకుండా గోడకి తిరిగి పండుకొని, నా రాతే ఇంత అని పాట మొదలుపెడితే జాతర అయిపోయినా ఆగడు. అత్తాకోడళ్లు మొగం మొగం చూసుకున్నారు. మరవళ్ళి పిండి తెల్లగానే ఉంటాది. వాసన ఉండదు. డబ్బా నింపి, పైన గరిటెతో తట్టి, మూత బిగించి పెట్టేసినారు.

మర్నాడు పొద్దున గోపాలకృష్ణన్ స్నానం చేసి, కూతుర్ని తూర్పుముఖంగా నిలబెట్టి, డబ్బాకి కర్పూరం చూపించి, ఒక గరిట పొడి నిమ్మకాయ నీళ్లలో కలిపి చేతికిచ్చినాడు. సుజిత కండ్లు మూసుకొని గటగటా తాగింది. ఆయన ఆ చెయ్యి పట్టి చూసి, పట్టింది అన్నాడు. గొంతు దిగినాదో లేదో, అప్పుడే పట్టిందంట.

అప్పట్నించి ఆ ఇంట్లో ఏం జరిగినా పొడే. పిల్ల బాగా తింటే పొడి, తినకపోతే అప్పుడు పొడి ఆకలిని కూడా తీర్చేసింది. నిద్రపోతే పొడి. విసుక్కుంటే, చూసినావా ఎంత రోషం వచ్చిందో అనేవాడు. ఒకసారి గడప తగిలి సుజిత కాలిగోరు చిట్లితే ఈయన పిల్ల కాలు చూడలేదు, గడప కదిలిందేమో అని వంగి చూసినాడు.

సుజిత కూడా నమ్మింది, అదీ అమ్మణికి బాధ. ఒళ్లంతా వేడెక్కతా ఉండాదవ్వా, లోపల పొడి పని చేస్తా ఉండాది అనేది. మే నెలలో వేలూరు జిల్లాలో ఒళ్లు వేడెక్కనోడు ఎవడుండాడు, రాతి బండ కూడా వేడెక్కతాది. అమ్మణి పైకి అననూ లేదు, ఊరుకోనూ లేదు. చేసిన తప్పుకి బదులుగా వేయించిన చెనిక్కాయ బుడ్డలు, ఉలవ గుగ్గిళ్లు, రాగి సంగటి, కొడుకు కండ్లు కప్పి పిల్లకి పెడతానే వచ్చింది. పిల్ల తినేది, షెడ్డుకి పోయేది, ఎత్తేది, చెమట కార్చుకొని వచ్చేది.

బాలచంద్రన్ మాస్టరుని గోపాలకృష్ణన్ ఈ పొడి గురించి అడిగినాడు. మాస్టరు ఎవరినీ నొప్పించే మనిషి కాదు. కొందరికి పనిచేస్తాదని చదివినానండి, గట్టిగా ఒక్క ఊపు ఊపే పనికి కొంచెం బలం వస్తాదంట, అయితే ఒంట్లో నీళ్లు పట్టి బరువు పెరగొచ్చు, పిల్ల యాభై మూడు దాటకుండా చూసుకోవాల అన్నాడు. చాలా నిదానంగా చెప్పినాడు. గోపాలకృష్ణన్ 'బలం వస్తాది' కాడనే లేచి వచ్చేసినాడు.

ఇంతలో తెలిసింది, కనియంబాడి శరణ్య వాళ్ల నాయన కూడా డబ్బా కొన్నాడని. అణైకట్ పిల్ల వాళ్లు కొన్నారంట. జిల్లాలో ఏ పిల్ల కడ్డీ పట్టుకున్నా ఆ పిల్ల నాయన వెంకటేశన్ అద్దాల్లో నలుగురిగా కనపడి వచ్చినాడంట. శరణ్య అప్పుడే రెండు కిలోలు పెరిగిందని విని గోపాలకృష్ణన్ సుజితని సొసైటీకి తీసుకపోయి నూలు తూచే కాటా మీద నిలబెట్టినాడు. ముల్లు కదల్లేదు. ఇంటికి వచ్చి గరిట రెండు చేసినాడు. ఆ రెండు గరిటల పిండి పిల్ల కడుపులో అరిగి, చెమటై షెడ్డు నేల మీద పోతా ఉండింది. ముల్లు అప్పుడూ కదల్లేదు.

పోటీ రోజు అమ్మణి నేనూ వస్తానని బస్సెక్కి కూర్చునింది. ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకవ్వా అని సుజిత అడిగితే, వేలూరు కోటని ఒకసారి చూసి చచ్చిపోతా అనింది. బస్సు కోట పక్కనే పోయింది. అమ్మణి తిరిగి చూడలేదు. గంగమ్మా, నా చేతి తప్పు పిల్ల నెత్తిన వెయ్యొద్దు అని గొణుక్కుంటా కూర్చునింది.

వేలూరులో పోటీ జరిగే హాలు కాడ చూస్తే తిరనాళ్లే. గేటు కాడ వెంకటేశన్ బల్ల వేసుకొని డబ్బాలు గోపురం మాదిరి పేర్చినాడు. లోపల తెర కట్టి ఒక టీచరమ్మ పిల్లల్ని ఒక్కొక్కరిగా తూస్తా ఉండాది. తెర పక్కనే అమ్మణి చోటు సంపాదించుకునింది. అణైకట్ పిల్ల కాటా ఎక్కింది, యాభై నాలుగున్నర. ఆలంగాయం పిల్ల యాభై నాలుగు. శరణ్య యాభై అయిదు. యాభై మూడు జట్టులో పేరిచ్చిన పిల్ల ఏ ఒక్కతీ యాభై మూడు కాదు.

తూచే గడువు ఇంకా కొంచెం ఉండాదని తెలిసి, తండ్రులందరూ పిల్లల్ని బయటికి లాక్కొచ్చినారు. ఇంక చూడాల ఆ కూత్తు, ఆ వీధి భాగోతం. మండే ఎండలో, యాడ దొరికినాయో స్వెటర్లు, శాలువలు, ఒక పిల్లకైతే రైలు ప్రయాణానికి తెచ్చుకునే కంబళి, కప్పి మైదానం చుట్టూ పరిగెత్తించినారు. ఒకాయన కూతురి చేతికి గ్లాసిచ్చి, ఉమ్మమ్మా, ఉమ్మితే తగ్గుతావు అని బతిమాలతా ఉండాడు. తాపించినప్పుడు డబ్బు పెట్టి తాపించినారు, ఇప్పుడు ఉత్తపుణ్యానికి ఉమ్మమంటే పిల్లకి నోరెండిపోయి ఉమ్మి రాలేదు. శరణ్యకి కండ్లు తిరిగి నీడలో కూలబడింది. టీచరమ్మ బయటికొచ్చి కేకలేసింది. ఆ పొడి కండల్లో నీళ్లు పట్టి పెడతాదప్పా, ఇట్ల పిండితే పిల్లలు పడిపోతారు, పై జట్టులో ఆడించుకోండి అని చెప్పి అందరినీ లోపలికి తోలింది.

తండ్రులు పోయి వెంకటేశన్ మీద పడినారు. ఆయన కొంచెం కూడా జంకలేదు. బరువు పెరిగిందంటే నా సరుకు అసలైనదని కదా అర్థం అన్నాడు. అని, బల్ల కింద నుంచి ఎర్ర డబ్బా ఒకటి తీసి, బరువు తగ్గేదానికి కూడా వచ్చింది, నిన్ననే దిగింది అన్నాడు. ఇద్దరు కొన్నారు.

సుజిత కాటా ఎక్కింది. యాభై రెండు ముక్కాలు. యాభై మూడు జట్టులో జిల్లా మొత్తానికి ఒకటే పిల్ల మిగిలింది.

అమ్మణి గాలి పీల్చుకునింది. పోటీకి మనిషే లేదు, ఇంక గెలిచినట్టే కదా అని టీచరమ్మని అడిగింది. ఆమె నవ్వి, ఒక్కతే అయినా ఎత్తాల అవ్వా, మూడు అవకాశాలుంటాయి, స్నాచ్‌లో మూడూ తప్పితే పేరు కొట్టేస్తారు, మొదటి చోటు ఎవరికీ ఉండదు అని చెప్పింది. సరే, తేలికది ఎత్తితే పోయె అనుకునింది అమ్మణి. మాస్టరు కూడా అదే అనుకున్నాడు. నలభై అయిదుతో మొదలుపెడదామని చెప్పి, పై జట్టు పిల్లల కాడికి పోయినాడు.

ఆ సందులో గోపాలకృష్ణన్ ఎత్తే బరువులు రాసుకునే బల్ల కాడికి పోయినాడు. ఆయన అప్పుడు నేల మీద లేడు. అందరి పిల్లలకీ బరువు పెంచిన పొడి తన పిల్లకి మాత్రం బరువు పెరక్కుండా ఒట్టి బలమే పెంచిందని నలుగురికీ చెప్తా ఉండాడు. నలభై అయిదు ఏమి, పొడి తిన్న పిల్లకి అవమానం అని, యాభై అయిదు అని రాయించేసినాడు. సుజిత యాభై అయిదు ఒకే ఒక్కసారి ఎత్తింది, డబ్బా రాకముందు, షెడ్డులో, మాస్టరు చూడనప్పుడు. ఒకసారి కడ్డీకి బరువు ఎక్కించి పేరు పిలిచినాక దాన్ని తగ్గించే దారి లేదంట. మాస్టరు పరిగెత్తుకుంటా వచ్చేసరికి పిలిచేసినారు.

సుజిత పోయి కడ్డీ పట్టింది. లాగింది. మోకాళ్ల పైకి వచ్చింది, ఆగింది, దబ్బుమని కింద పడింది. రెండోసారి తల దాకా పోయింది. అక్కడ పిల్ల ఒక్క క్షణం దేనికోసమో చూసినట్టు ఆగింది. కడ్డీ వెనక్కి పోయి, పిల్ల ముందుకి పడింది. గోపాలకృష్ణన్ మొగం గంజి పోసిన గుడ్డ మాదిరి బిగుసుకొని పోయింది.

ఇంక ఒకటే మిగిలింది. పక్కన బెంచీ మీద కూర్చొని సుజిత అరచేతులకి సున్నం పొడి పూసుకుంటా ఉండాది. అమ్మణి మోకాళ్లు పట్టుకొని లేచి, అడ్డమొచ్చిన వాలంటీరుని పక్కకి నెట్టి, పిల్ల ముందర పోయి నిలబడింది.

"ఎందుకు నిలబడిపోయినావే పైకి పోయినాక?"

"చూస్తా ఉండానవ్వా. పొడి ఎత్తుతాదని."

"పొడి ఎత్తదు."

"రెండు గరిటలు తిన్నా కదవ్వా రోజూ. ఎందుకు ఎత్తదు? నా ఒంట్లోనే ఏదో కొరత ఉండాది."

అమ్మణి వంగి మనవరాలి గడ్డం పట్టుకునింది.

"నువ్వు తిన్నది మరవళ్ళి పిండే, తల్లీ. గంజి పిండి. ఆ డబ్బాని నేను తెలీక పడుగుకి పూసేసినా. దారం దారమూ తెగింది. మీయమ్మా నేనూ కలిసి నింపినాం. నీ ఒంట్లో ఫారిన్ సరుకు చిటికెడు కూడా లేదు. షెడ్డులో ఎత్తినదంతా నువ్వే ఎత్తినావు. ఇప్పుడు ఎవరి కోసమూ చూడొద్దు, ఎవరూ రారు."

సుజితకి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, అవి కోపానివో నవ్వువో అమ్మణికి అర్థం కాలేదు.

"దినామూ గంజి తాపించినావా నాకు?"

"నిమ్మకాయ పిండినాడు కదే మీ నాయన."

పిల్ల ముక్కులో నుంచి నవ్వింది. పేరు పిలిచినారు. లేచి పోయింది. పోయేటప్పుడు వెనక్కి తిరిగి అవ్వ పక్క ఒక చూపు చూసింది, ఇంటికి రా నీ సంగతి చెప్తా అనే మాదిరి.

కడ్డీ కాడ నిలబడి ఈసారి పైకి చూడలేదు, గంగమ్మని తలుచుకోలేదు, గోడ గడియారం చూడలేదు. గ్యాస్ సిలిండరు మోసేదాని మాదిరి వంగింది. లాగింది. కడ్డీ మోకాలు దాటింది, నడుము దాటింది, పిల్ల దాని కిందికి దూరి కూర్చునింది. చేతులు రెండూ గుంజల మాదిరి నిలబడినాయి. అట్లనే బరువు పెట్టుకొని లేచింది. కాళ్లు కొంచెం వణికినాయి, నిలబడినాయి. ఎత్తినట్టే లెక్క అని తెల్ల లైట్లు వెలిగినాయి. మాస్టరు బెంచీ మీద కూర్చొని తువ్వాలు మొగాన కప్పుకున్నాడు. రెండో రకం ఎత్తుడికి బల్ల కాడికి మాస్టరే పోయి, గోపాలకృష్ణన్ చెయ్యి గట్టిగా పట్టుకొని, తేలిక బరువు రాయించినాడు. అది సుజిత అవలీలగా ఎత్తి పడేసింది. హాస్టలు చోటు ఖాయమైంది.

పొడిది ఒట్టి మోసమని కూడా అనేదానికి లేదు. పై జట్టులో శరణ్య పోయినేటి కంటే రెండున్నర కిలోలు ఎక్కువే ఎత్తింది. ఆ బరువు యాభై మూడు జట్టులో ఎత్తుంటే సుజితకి ఆమెతో కష్టమయ్యేది. అయితే ఆ జట్టులో పుట్టుకతోనే యాభై ఎనిమిది కిలోలున్న పిల్లలు ఉండారు, వాళ్లు ఇంకా ఎక్కువ ఎత్తినారు. శరణ్యకి నాలుగో చోటు వచ్చింది. పొడి ఒక చేత్తో రెండున్నర కిలోలిచ్చి, ఇంకో చేత్తో జట్టునే లాక్కునింది. దీన్ని వెంకటేశన్ ఏ డబ్బా మీదా రాయించలేదు.

అందరూ బయటికొచ్చేసరికి వెంకటేశన్ కెమెరా మనిషిని పిలిపించి సిద్ధంగా ఉండాడు. సుజితకి పూలదండ వేసి, చేతికి నల్ల డబ్బా ఇచ్చి నిలబడమన్నాడు. అంగట్లో పటం కట్టిస్తానన్నాడు. గోపాలకృష్ణన్ దండ సర్దతా, డబ్బా అక్షరాలు ఇటు పక్కకి తిప్పమ్మా అంటా ఉండాడు.

సుజిత డబ్బా తిరిగి వెంకటేశన్ చేతిలోనే పెట్టింది.

"నేను ఇది తినలేదు సార్. గంజి పిండి తిన్నా. కావాలంటే మా అవ్వని అడగండి."

అడక్కముందే అమ్మణి మొదలుపెట్టింది. అల్మారా, నల్ల డబ్బా, మెడ లేని మనిషి, చిక్కబడని అండా, తెగిన పడుగు, ఏదీ విడిచిపెట్టకుండా చెప్పింది. దేవకి పేరు మాత్రం రానియ్యలేదు. చుట్టూ చేరిన తండ్రులు కడుపు పట్టుకొని నవ్వినారు. వెంకటేశన్ కూడా నవ్వినాడు. పెద్దోళ్లకి వయసైతే ఇట్లనే ఒకటికొకటి కలిపి చెప్తారు, మా అమ్మా అంతే అని అందరికీ సర్దిచెప్పినాడు. నవ్వని వాడు గోపాలకృష్ణన్ ఒక్కడే. ఆయన ఆ పడుగునే తలుచుకుంటా ఉండాడు. ముడి వేసిన కొద్దీ తెగిన ఆ దారాలు, జానెడు నేసిన ఆ సాయంత్రం.

"అమ్మా, అయితే అది మిల్లోళ్ల తప్పు కాదా?" అన్నాడు మెల్లిగా.

"కాదు నాయనా. వాళ్లని ఊరికే తిట్టినావు."

గోపాలకృష్ణన్ కూతురి పక్క చూసినాడు. ఆ పిల్ల దండ తీసి అవ్వ మెడలో వేసి, దప్పికవుతాదని నీళ్లకి పోతా ఉండాది. ఆయన ఏమన్నా అంటాడేమో, గోడ వెతుక్కొని ఏడుస్తాడేమో అని అమ్మణి భయపడింది. ఆయన మాత్రం, పిల్ల హాస్టలుకి పోతాది లేమ్మా, మాట ఇచ్చినా కదా అన్నాడు. అప్పుడు అమ్మణి ముంగాళ్ల మీద కూర్చొని, అక్కడే, ఆ ఎండలోనే, కొంగుతో కండ్లు తుడుచుకునింది.

కెమెరా మనిషి మాత్రం కాచుకొనే ఉండాడు. దండ పోయింది, పిల్ల పోయింది, వెంకటేశన్ చేతిలో డబ్బా అట్లనే ఉండాది. పిలిపించిన మనిషిని ఉత్తచేతులతో పంపించేది ఎట్ల అని ఆయన ఇటూ అటూ చూసినాడు. గోపాలకృష్ణన్‌కి ఆ చూపు తగిలింది. జీవితంలో ఒకే ఒక్క ఫారిన్ సరుకు కొన్న మనిషి, దాని రుచి కూడా చూడనోడు, ముందుకి వచ్చి చొక్కా పై బొత్తాము విప్పి, ఎముకలు తేలిన ఎదని ఉన్న కాడికి పొంగించి, డబ్బా పట్టుకొని నిలబడినాడు.

ఆ పటం వెంకటేశన్ అద్దాల అంగట్లో చానా కాలం ఉండింది. వచ్చినోళ్లు అందరూ దాని ముందర ఆగి చూసేవాళ్లు. ఈయన ఈ పొడి తినకముందు ఇట్లుండినాడా, తిన్నాక ఇట్లయినాడా అని అడిగేవాళ్లు. వెంకటేశన్ మనిషిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పేవాడు.